అమెరికా ఎన్ఐసీయూలో జాతి వివక్ష నిజంగా ఉంటుందా? లోపల పనిచేసే నర్సుగా నా సమాధానం

చెల్లీ, ముందు ఆ 'మేడమ్' తీసెయ్, అక్కా అంటే చాలు. హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఎన్ఐసీయూలో, అంటే నెలలు నిండకుండానో జబ్బుతోనో పుట్టిన పసికందుల ఐసీయూలో చేశావు, ఎన్‌క్లెక్స్ అనే ఇక్కడి నర్సు లైసెన్స్ పరీక్ష పాసయ్యావు, మూడు నెలల్లో ఇక్కడికి వస్తున్నావు. "కిలో కూడా లేని బిడ్డ మీద ఎవరైనా వివక్ష చూపిస్తారా? నాకది అతిగా చెప్తున్నట్టు అనిపిస్తోంది. ఒకవేళ ఉంటే స్టాఫ్‌గా నాకేం కనిపిస్తుంది, ఏ ఆసుపత్రి ఎంచుకోవాలి?" అని అడిగావు. అడగాల్సిన ప్రశ్నే. కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

నాది గుంటూరు. ఇక్కడ ఎన్ఐసీయూలో చేరి 22 ఏళ్లయింది, ఈ మధ్యలో మూడు ఆసుపత్రులు మారాను. వచ్చిన కొత్తలో నాకూ నీలాగే అనిపించింది. 25, 26 వారాలకే పుట్టిన బిడ్డను ఇంక్యుబేటర్‌లో చూస్తే ఏ జాతి బిడ్డో చెప్పడం కష్టం. ఎవరి బిడ్డయినా చర్మం ఎర్రగా, జిగటగా, కింద నరాలు కనపడేంత పల్చగా ఉంటుంది. అసలు రంగు తేలడానికి రోజులు, వారాలు పడుతుంది. తల్లి మాత్రం మొదటి రోజే వీల్‌చెయిర్‌లో లోపలికి వస్తుంది. ఆమె రంగు, మాట తీరు, ఇన్సూరెన్స్ ఏమిటి, పక్కన మొగుడున్నాడా లేడా అన్నీ అందరికీ తెలిసిపోతాయి. మా చూపు మారేది అక్కడ.

కాబట్టి ఉందా అంటే ఉంది. కానీ నువ్వనుకుంటున్నట్టు ఎవరూ కేకలేసి తిట్టరు. పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి షిఫ్ట్ మారేటప్పుడు ఒకరికొకరం అప్పజెప్పుకుంటాం కదా, మన దగ్గర హ్యాండోవర్ అంటారు, ఇక్కడ రిపోర్ట్ అంటారు. ఆ పది నిమిషాల మాటల్లో బిడ్డ శాచ్యురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఫీడ్, గ్యాస్ (రక్తంలో ఆక్సిజన్ చూసే పరీక్ష) రిజల్ట్‌తో పాటు తల్లి మీద మన అభిప్రాయం కూడా చేతులు మారుతుంది. పన్నెండు గంటలకోసారి అలా మారుతూ పోతే అది నాలుగో రోజుకి నిజమైపోతుంది.

నా తప్పే చెప్తాను. అప్పుడు డే షిఫ్ట్‌లో ఉన్నాను. 27 వారాలకు పుట్టిన ఆడబిడ్డ, తొమ్మిది వందల గ్రాములు. తల్లికి ఇరవై మూడేళ్లుంటాయి, నల్లజాతి అమ్మాయి. రిపోర్ట్‌లో నాకు చెప్పిన మాట, "తల్లి పెద్దగా పట్టించుకోదు, రాదు." నేనూ పగలు ఆమెను చూడలేదు. కాబట్టి సాయంత్రం నేనూ అదే మాట ముందుకు పంపాను. దాదాపు మూడు వారాలు పంపాను. ఆ పక్క మంచంలో ఇంకో బిడ్డ, వాళ్లు తెల్లవాళ్లు, రెండు గంటల దూరంలో పల్లెటూరు. వాళ్లు వచ్చేది శని ఆదివారాలే. వాళ్ల గురించి రిపోర్ట్‌లో ఏమనేవాళ్లం? "పాపం, దూరం కదా, ఇంట్లో ఇంకా ఇద్దరు చిన్నపిల్లలు." ఇద్దరు తల్లులూ మా కంటికి కనపడింది అంతంత మాత్రమే. ఒకామెకు కారణం దొరికింది, ఇంకొకామెకు పేరొచ్చింది.

ఒక రోజు ఎవరికో బదులుగా నైట్ చేశాను. పదకొండు ఇరవైకి ఆ అమ్మాయి వచ్చింది. గోడౌన్‌లో వేసుకునే పసుపు పచ్చ జాకెట్ ఇంకా ఒంటి మీదే ఉంది. చేతిలో నీలం రంగు కూలర్ బ్యాగ్, అందులో పాల సీసాలు, ఒక్కో దాని మీద తేదీ, టైమ్ వంకర లేకుండా రాసి ఉన్నాయి. రెండు బస్సులు మారి వస్తుందట. నైట్ నర్సు ఆమెను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఈమె రోజు విడిచి రోజు వస్తుందిగా" అంది. డెస్క్ దగ్గర సందర్శకుల రిజిస్టర్ తిప్పి చూశాను. నిజమే, సంతకాలన్నీ ఉన్నాయి. అటు చార్ట్‌లో పగటి నోట్సులో 'తల్లి రాలేదు' అని నేను రాసినవి తొమ్మిదో పదో ఉన్నాయి. అబద్ధమేం కాదు, నా షిఫ్ట్‌లో రాలేదు మరి. కానీ ఆ నోట్సు చదివే సోషల్ వర్కర్‌కు ఈ అమ్మాయి గురించి పిల్లల సంరక్షణ శాఖకు ఫోన్ చేసే ఆలోచన వచ్చింది. అప్పటికి బిడ్డ పుట్టి 19 రోజులు. ఒక్కసారి కూడా ఎవరూ ఆమెను కంగారూ కేర్‌కి, అంటే బిడ్డను ఒంటికి ఆనించి పట్టుకోవడానికి, కూర్చోబెట్టలేదు. రాని తల్లికి ఎవరు కుర్చీ వేస్తారు? ఆ రాత్రి నేను బిడ్డను ఆమె గుండెల మీద పెట్టాను. నలభై నిమిషాలు కదల్లేదు ఆమె.

ఆమె అంత త్వరగా పనిలోకి ఎందుకు వెళ్లిందని నీకు అనుమానం రావచ్చు. ఇక్కడ 1993 నాటి ఎఫ్ఎంఎల్ఏ అనే కుటుంబ, వైద్య సెలవుల చట్టం 12 వారాల సెలవిస్తుంది గానీ జీతమివ్వదు. అదీ ఏడాది సర్వీసు ఉండి, యాభై మందో అంతకన్నా ఎక్కువో పనిచేసే చోటయితేనే. అందుకని చాలామంది తల్లులు కాన్పయిన రెండు వారాలకే పనిలో చేరిపోతారు. బిడ్డ ఇంటికొచ్చే రోజుకి సెలవు దాచుకుంటారు. మన దగ్గర అమ్మమ్మ పక్కన ఉండి చూసుకునే బాలింత అలవాటుతో చూస్తే ఇది అర్థం కాదు. నాకూ ఏళ్లు పట్టింది.

తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కదాని కథ కాదని. వర్మాంట్ ఆక్స్‌ఫర్డ్ నెట్‌వర్క్ అని చాలా ఎన్ఐసీయూలు సభ్యులుగా ఉన్న సంస్థ ఒకటి ఉంది. దాని సదస్సుకు వచ్చిన స్టాఫ్, తల్లిదండ్రులు రాసిచ్చిన అనుభవాలతో 2018లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లు చెప్పిన సంగతులు మూడు రకాలుగా తేలాయి. పట్టించుకోకపోవడం, తల్లిదండ్రుల మీద తీర్పులివ్వడం, రవాణా, భాష, పని వేళల్లాంటి అడ్డంకులు. ఆ బిడ్డ విషయంలో నేను రెండోదానితో మొదలుపెట్టి మొదటిదాకా వెళ్లాను. మూడోది ఆమెకు ఎలాగూ ఉంది.

ఇప్పుడు లెక్కలు. అమెరికాలో 2022లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాది నిండకుండా చనిపోయినవాళ్లు తెల్లవాళ్లలో దాదాపు 4.5 మంది, నల్లజాతివాళ్లలో 10.9 మంది. రెట్టింపు కన్నా ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టేవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. ఇది చెప్పగానే డ్యూటీ రూమ్‌లో ఎవరో ఒకరు "జీన్స్‌లోనే ఉంటుందేమో" అంటారు. నీకూ ఆ మాట వినపడుతుంది. దానికి నేను చెప్పేది 1997లో వచ్చిన ఇల్లినాయ్ రాష్ట్రపు లెక్క. ఆఫ్రికాలో పుట్టి ఇక్కడికి వచ్చిన నల్లజాతి తల్లుల బిడ్డల బరువు చూస్తే, ఇక్కడే పుట్టిన నల్లజాతి తల్లుల బిడ్డలకన్నా తెల్ల తల్లుల బిడ్డలకే దగ్గరగా ఉంది. జీన్సే కారణమైతే అలా ఉండకూడదు కదా.

అవి మన వార్డుకు రాకముందు సంగతులు. వార్డులోపల ఏం జరుగుతుందో చూడాలంటే 2017లో వచ్చిన కాలిఫోర్నియా అధ్యయనం చూడు. 134 ఎన్ఐసీయూలు, 18,616 మంది చాలా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు. అందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. కొన్ని ఫలితాల్లో నల్లజాతి బిడ్డలు తెల్ల బిడ్డలకన్నా మెరుగ్గానే ఉన్నారు. కానీ మనం చేయాల్సిన పనులు చేశామా లేదా అన్న కొలతల్లో, అంటే కాన్పుకు ముందే తల్లికి, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడిందా, కంటి పరీక్ష టైముకి అయిందా, ఇంటికెళ్లే నాటికి తల్లిపాలు అందుతున్నాయా లాంటివాటిలో తెల్ల బిడ్డలకే మార్కులెక్కువ. బిడ్డ తన వంతు చేస్తోంది, తక్కువ చేస్తున్నది మనం. పైగా తేడా ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్యే కాదు, ఒకే ఆసుపత్రిలోపల కూడా కనిపించింది. అంటే ఒకే నర్సుల చేతుల్లో.

ఇంకో లెక్క వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది, నల్లజాతి బిడ్డకు నల్లజాతి డాక్టరే ఉంటే మరణాలు బాగా తగ్గుతాయని. అది ఫ్లోరిడా కాన్పుల మీద 2020లో వచ్చిన పేపర్. 2024లో అదే డేటాను వేరేవాళ్లు మళ్లీ చూశారు. మరీ తక్కువ బరువున్న బిడ్డలను లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా దాదాపు పోయింది. కాబట్టి ఎవరితోనైనా వాదించేటప్పుడు దాన్ని వాడకు. బలమైన సాక్ష్యాలు ఉండగా బలహీనమైనది పట్టుకుంటే ఎదుటివాళ్లు మొత్తం కొట్టిపారేస్తారు.

భాష సంగతి చెప్పాలి. కాలిఫోర్నియా లెక్కలోనే స్పానిష్ మూలాలున్న బిడ్డలు తొమ్మిది కొలతల్లో ఏడింటిలో వెనకబడ్డారు. నాకది వింతగా అనిపించలేదు. వీడియోలో మాట్లాడే ఇంటర్‌ప్రెటర్ బండి ఉంటుంది, దాన్ని తోసుకొచ్చి, లైన్ కలిపి, ఒక్కో వాక్యం రెండుసార్లు వినాలంటే పావుగంట. ముగ్గురు బిడ్డల ఫీడ్స్ ఉన్న నర్సు ఏం చేస్తుంది? బొటనవేలు పైకెత్తి "బేబీ గుడ్, మామా" అని నవ్వి వెళ్లిపోతుంది. పక్క మంచం తల్లికి ఇంగ్లీషులో బ్రెయిన్ స్కాన్ రిపోర్ట్ నుంచి రేపటి ప్లాన్ దాకా అన్నీ తెలుస్తాయి. ఎవరూ ఎవర్నీ అవమానించలేదు, అయినా ఒకామె సగం చీకట్లో ఇంటికెళ్లింది. ఫెడరల్, అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వపు డబ్బు తీసుకునే ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్‌ను ఇవ్వాల్సిందే, 1964 పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన బాధ్యత అది. పదేళ్ల అన్నను పిలిచి తల్లికి చెప్పించకు. మనవాళ్ల విషయంలోనూ అంతే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మకు అల్లుడు అనువదిస్తుంటే, "బ్లీడింగ్" అన్న మాట "కొంచెం నీరసం" అయిపోవడం నా చెవులతో విన్నాను.

పరికరాల విషయానికొస్తే, పల్స్ ఆక్సీమీటర్ ముదురు చర్మం మీద ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చని 2020లో పెద్దవాళ్లలో బయటపడి గొడవైంది. నెలలు నిండని బిడ్డల్లోనూ తర్వాత చూశారు, తేడా చిన్నదే కానీ ఉంది. అందుకే 92 కనపడినా బిడ్డ తీరు బాగా లేదనిపిస్తే గ్యాస్ పంపమని అడుగు. నాలుక, చిగుళ్లు చూడు. నీకిది నేర్పక్కర్లేదు, చామనఛాయ, నలుపు బిడ్డలతోనే నాలుగేళ్లు చేశావు. ఇక్కడ కొందరు పాఠ్యపుస్తకంలో గులాబీ రంగు బిడ్డ బొమ్మ చూసి నేర్చుకున్నారు. వర్జీనియా ఆప్గార్ 1952లో తయారుచేసిన, పుట్టగానే బిడ్డకు వేసే స్కోరులోనే రంగుకు రెండు మార్కులున్నాయి కదా, ఆ 'ఒళ్లంతా గులాబీ' ఎవరి ఒళ్లు అని ఎవరూ అడగలేదు చాలా కాలం. పసిరికలు, అదే కామెర్లు కూడా అంతే. వేలితో నొక్కి చూసి పసుపు లేదనుకోవద్దు, చర్మం మీద కామెర్లు కొలిచే మీటర్ పెట్టు, అనుమానముంటే రక్తం పంపు. 2004 మార్గదర్శకాల్లో నల్లజాతి బిడ్డకు కామెర్ల రిస్క్ తక్కువ అని ఉండేది. కామెర్లు తెచ్చే జి6పీడీ అనే జన్యు లోపం వాళ్లలో ఎక్కువ కనపడుతుండగా కూడా! 2022లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఆ జాతి లెక్క తీసేసింది. పాతకాలం వాళ్లు ఇంకా అదే అంటుంటారు, విని ఊరుకోకు.

డ్రగ్ టెస్టుల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండు. బిడ్డ మూత్రం, మొదటి నల్ల మలం పరీక్షకు పంపితే పాజిటివ్ వచ్చినప్పుడు పిల్లల సంరక్షణ శాఖ దాకా వెళ్తుంది, బిడ్డ తల్లికి దూరం కావచ్చు. 1990లో ఫ్లోరిడాలో పినెలస్ కౌంటీ మీద ఒక అధ్యయనం వచ్చింది. గర్భిణుల్లో మద్యం, మత్తు పదార్థాల వాడకం తెల్లవాళ్లలో 15.4 శాతం, నల్లజాతివాళ్లలో 14.1 శాతం. అధికారులకు రిపోర్టయింది మాత్రం నల్లజాతివాళ్లు దాదాపు పది రెట్లు. పాతదే, కానీ నేను వచ్చాక కూడా "ఈమెను టెస్ట్ చేద్దామా" అన్న మాట ఎవరి విషయంలో వస్తుందో చూస్తూనే ఉన్నాను. ఎవరైనా అంటే నేను ఒక్కటే అడుగుతాను, "మన పాలసీలో ఏ కారణం కింద?" అని. మూడొంతులు అక్కడే ఆగిపోతుంది.

ఇంక నీ సంగతి. యాస విని "ఇంకో నర్సు లేరా?" అని అడిగేవాళ్లు తగులుతారు. నాకు ఇన్నేళ్లలో నాలుగైదు సార్లు. మొదటిసారి స్టోర్ రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. ఆ తండ్రి భయంలో ఉన్నాడు, బిడ్డ వెంటిలేటర్ మీద ఉంది, అదంతా నిజమే. అయినా ఒంటరిగా మింగాల్సిన మాట కాదది. వెంటనే ఆ షిఫ్ట్‌ను చూసుకునే చార్జ్ నర్సుకు చెప్పు, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయి. మిషిగన్‌లో ఫ్లింట్ అనే ఊళ్లో 2012లో ఏమైందో ఇక్కడి నర్సులందరికీ తెలుసు. ఎన్ఐసీయూలో ఒక తండ్రి తన బిడ్డను నల్లజాతి నర్సులు ముట్టకూడదన్నాడు. సూపర్‌వైజర్లు సరేనన్నారు. డ్యూటీలు వేసే క్లిప్‌బోర్డు మీద ఆ మేరకు చీటీ కూడా పెట్టారు. పాతికేళ్లుగా అక్కడే చేస్తున్న నర్సు కోర్టుకెక్కింది, చివరికి ఆసుపత్రి రాజీకొచ్చింది. అంతకు ముందు 2010లోనే ఇండియానాలోని ఒక నర్సింగ్ హోమ్ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది, పేషెంటు కోరాడన్న సాకుతో స్టాఫ్‌కు జాతిని బట్టి పని పంచకూడదని. ఆ తండ్రి మాటకన్నా ఆ చీటీ నన్ను ఎక్కువ బాధపెడుతుంది. రాసినవాళ్లు మనలాంటి స్టాఫే కదా.

ఇది చదివి మనం బాధితుల వైపే ఉన్నామనుకోకు. బిడ్డ తెల్లగా పుట్టాలని కుంకుమ పువ్వు పాలు తాగించేది మనం. పుట్టగానే "ఆడా మగా" తర్వాత మన వాళ్లడిగే రెండో ప్రశ్న రంగు గురించే. బ్రేక్ రూమ్‌లో తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికీ తెలియదనుకుని "వీళ్లింతే, పిల్లల్ని కని వదిలేస్తారు" అన్న మాట మన నర్సుల నోటే విన్నాను. ఇంకోటి, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మన తెలుగు సాఫ్ట్‌వేర్ జంట వస్తే నేను వాళ్ల మంచం దగ్గర ఐదు నిమిషాలు ఎక్కువ నిలబడతాను. ఊరేదో అడుగుతాను, పేరు పెట్టారా అని అడుగుతాను, పాలు పిండే మెషిన్ ఎలా పెట్టుకోవాలో రెండోసారి చూపిస్తాను. ఎవరికీ కీడు చేయలేదనుకున్నాను. కానీ పన్నెండు గంటల్లో ఆ ఐదు నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఎవరో ఒకరి దగ్గర తగ్గించాలి. తగ్గేది నాతో మాట కలవని తల్లి దగ్గరే.

అందుకని ఒక అలవాటు చేసుకున్నాను. ఎవరైనా రిపోర్ట్‌లో "తల్లి రాదు" అంటే "ఎప్పుడు రాదు?" అని అడుగుతాను. "గొడవ పెట్టుకుంటుంది" అంటే "ఏమడిగింది?" అని అడుగుతాను. సగం సార్లు ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే అయి ఉంటుంది, అదే ప్రశ్న లాయరు భార్య అడిగితే "చాలా శ్రద్ధ గల తల్లి" అంటాం. కొత్తలో ఇలా అడిగితే కొందరు చిరాకు పడతారు, నీకు టెన్షన్‌గా ఉంటుంది. మొదటి ఆరు వారాలు ట్రైనింగ్‌లో ఉండగా వినడం మీదే పెట్టు మనసు, తర్వాత అడగొచ్చు.

ఆసుపత్రి ఎంపిక గురించి. 2019లో 743 ఎన్ఐసీయూలు, లక్షా పదిహేడు వేల మందికి పైగా బిడ్డల లెక్క ఒకటి వచ్చింది. నల్లజాతి బిడ్డలు ఎక్కువగా చేరేది నాణ్యత తక్కువున్న యూనిట్లలో అని, ఆసియా బిడ్డలు మెరుగైన వాటిలో అని తేలింది. అంటే ఒకే ఊళ్లో రెండు యూనిట్లు రెండు లోకాల్లా ఉండొచ్చు. పేరు చూసి కాదు, ఇంటర్వ్యూలో అడిగి తెలుసుకో. వాళ్లు చివర్లో "ఏమైనా ప్రశ్నలున్నాయా" అంటారు, మనవాళ్లంతా లేవని తలూపి వచ్చేస్తారు. నువ్వు మూడు అడుగు. ఇంటికెళ్లే నాటికి తల్లిపాలు తాగుతున్న బిడ్డల శాతాన్ని జాతివారీగా విడదీసి చూస్తారా? రాత్రి రెండింటికి స్పానిష్ ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఎంతసేపట్లో దొరుకుతారు? కుటుంబం వాళ్లు ఫలానా జాతి నర్సు వద్దంటే మీ పాలసీ ఏమిటి? మొదటి రెండింటికి నోటిమాట సరిపోతుంది. మూడోదానికి మాత్రం రాసి ఉన్న కాగితం చూపించమని అడుగు.